బొటనేలు

జీడిపప్పు ఫేక్టరీ లోకనాధం గోరి రెండో గుంటడు
నందిగాం దాటేక రోడ్డు మీద నిలబడిపోనాడు.
ముల్లు సగం కాడే ఉందంట.
ట్రాక్టరు ఎనక తాడు కట్టి
టెక్కలి దాకా ఈడ్సుకొచ్చినారు ఎర్రకారుని.
రెండే సీట్లు. మోకాలెత్తు నేదు.
కోత మిల్లుల రాతిపొడి ఎగిరొచ్చి
నా సెడ్డులో ఎట్టేసరికే
ముసిలి దాని జుట్టులాగ తెల్లబడిపోనాది.

"విశాఖలో అడిగినాను తవుడన్నా,
మీటరు బోర్డు మొత్తం మార్సాలంట, లక్షా ఎనబై."

ఉండు బాబూ. ముల్లుని తిట్టకు.
ముల్లు సొంతంగా ఏటీ ఎరగదు,
లోపలోడు సెప్పింది సూపిస్తాది, అంతే.

సీట్ల ఎనక తివాసీ ఎత్తినాను.
రెండు జీడిగింజలు, ఒక పెట్రోలు రసీదు, ఐదొందలు.
దాని కింద ఇంకోటి, ఐదొందలు.
ఇంకోటి.
టాంకు మూత మీద తీగ లాగీసినాను.
ముల్లు సున్నాకి జారిపోనాది.
అదే తీగని బాడీ ఇనానికి ఆనించినాను.
ముల్లు నిండుకి లెగిసినాది.
గుంటడు సప్పట్లు కొట్టీసినాడు, బాగయిపోనాదని.
కానేదు బాబూ.
ముల్లు మంచిదే, తీగ మంచిదే,
అబద్దం టాంకులో ఉంది.

మూత మరలు ఒక్కోటీ ఇప్పుతుంటే
ఊసుపోక అడిగినాడు నా పేరు కత.
నాకు ముందు ఇద్దరు దక్కనేదు బాబూ.
అమ్మ నన్ను పొరుగింటోల్లకి ఇచ్చీసి
మానెడు తవుడు పోసి మల్లీ కొనుక్కున్నాది.
నికరంగా మానెడేనా అంటే
అదీ సెప్పలేను. కొలిసింది షావుకారు.
ఒడ్లు కొలిస్తే కుంచంలోకి బొటనేలు ఎట్టీవోడంట.
ఒకటి, రెండు, మూడు, ఊరంతా ఇనీలాగ లెక్కెట్టీవోడు.
లెక్క ఎప్పుడూ తప్పనేదు.
ఏలంత గింజ మాత్రం
ప్రతి కుంచంలోనూ ఆడికే ఉండిపోయీది.

బెండు బయటికొచ్చినాది.
తేలాల్సింది, మునగాల్సింది,
నడిమికి బిగుసుకుపోయి కూకున్నాది.
పాత పెట్రోలు పనసజిగురైపోనాది దాని కీలు కాడ.
"బండి ఎన్నాల్లు తియ్యనేదు?"
"ఏడాదిన్నర. నాన్న తాళాలు దాసీసినాడు."
అప్పుడు సగం ఉండుంటాది.
అప్పటినుండీ అదే సెప్తన్నాది,
టాంకు ఎండిపోయినా, నువ్వు రోడ్డున పడినా.
అదిగో బాబూ, బొటనేలు.

గుడ్డ ముక్క తడిపి, సన్న ఎమిరీతో
నిదానంగా గీకినాను. రెండు టీలు అయిపోనాయి.
మల్టీమీటరు ఎట్టి సెయ్యి ఎత్తుతుంటే
అంకెలు మెట్లెక్కినట్టు మారినాయి.
అప్పుడు సూసినాను బెండు సెయ్యి రాసుకునే పట్టీని.
కింద పావు వొంతు అరిగిపోయి మెరస్తన్నాది.
సగం దాకా గీతలు.
సగానికి పైన
కంపెనీలో ఎలగొచ్చినాదో అలగే ఉన్నాది,
ఎవలూ తొక్కని మెట్లు.
ఇంత కారు, ఒక్కనాడూ నిండనేదు.

ఆడి మొకం సూసినాను. కొత్త బూట్లు, కొత్త వాచీ.
రసీదులు మూడూ తీసి
తివాసీ కింద ఎక్కడివక్కడ ఎట్టీసినాను.

ఆరొందలు బాబూ.
జేబులు తడుముకుని ఇచ్చినాడు,
ఆఖరి యాభై సిల్లర.

బంకు దాకా నాను కూడా కూకున్నాను,
సరిసూడాలి కదేటి.
ఐదొందలకి కొట్టమన్నాడు, గొంతు తగ్గించి.
ముల్లు లెగిసినాది
సున్నా మీంచి, గోరంత.
"ఇంతేనా? ముందు సగం సూపించీది కదన్నా!"
ఇంతే బాబూ.

కాసేపు దాన్నే సూసినాడు.
ఎనక లారీవోడు హారను కొడతన్నాడు.