నాలుగు రాళ్లు

ఈ ఏడన్నా మిరపలో
నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకున్నా.
తెల్లవారుజామున తాలుకాయలు ఏరుతుంటే
కల్లం వారన, కంకరలో
నిజంగానే కనిపించాయి నాలుగు.
మట్టిరంగు మీద సిరా విదిలించినట్టు మచ్చలు,
మొనలన్నీ లోపలికి తిప్పి
ఎవరో పేర్చినట్టు.
ఒకటి తీయబోయానో లేదో
నెత్తి మీద కేక.

తీతువు.

కంటి ముందు ఎర్రటి తోలు, పచ్చటి పొడుగు కాళ్లు,
మెడన నల్ల కండువా.
రెక్క విరిగినట్టు కుంటుకుంటూ
పట్టా చివరిదాకా నన్ను తిప్పుకుపోయి
అక్కణ్ణుంచి తీరిగ్గా ఎగిరిపోయింది.
నవ్వొచ్చేదే.
కానీ ఆ గొంతు నాకు తెలుసు.

మా ఆయన గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు
ఒక రాత్రి నేను బట్టల కోసం ఫిరంగిపురం వచ్చాను.
ఈ కల్లం మీదే తెల్లార్లూ కూసింది ఇది.
మా అత్త శౌరమ్మ జపమాల పక్కన పెట్టి
వాకిట్లోకొచ్చి దుమ్మెత్తి పోసింది.
నేను రాయి విసిరాను, చీకట్లోకి.
తగిలిందో లేదో.
నాలుగోనాడు ఆయన్ని అంబులెన్సులో తెచ్చారు.

నాగూర్‌వలీ ట్రాక్టరు తిప్పుకునేది
సరిగ్గా ఆ కంకర మీదే.
"గుడ్లే కదక్కా, పక్కకి జరుపు."
జరిపితే మళ్లీ వస్తుందో రాదో, నాకేం తెలుసు?
చుట్టూ ఇటుకలు పెట్టి, తుమ్మకర్ర పాతి,
పాత ఎర్ర జాకెట్టు కట్టాను.
"ఇదెక్కడి రైలు గేటు" అని విసుక్కుంటూనే
నలభై టిక్కీలూ ఎత్తిందాకా
రివర్సులోనే వచ్చి పోయాడు.

మొదటి తప్పు నేనే చేశాను.
ఎండ మండిపోతోందని
గుడ్ల మీద జానెడెత్తున తాటాకు నిలబెట్టాను.
అది గట్టు మీద నుంచి చూస్తుంది,
రెండడుగులు వేస్తుంది,
ఆగిపోతుంది.
గంటకి నాకు బుద్ధొచ్చింది.
తాటాకు పీకి, నిమ్మచెట్టు చాటుకు పోయి
నన్ను నేనే తిట్టుకున్నా.

దోసపాదు పక్కన మూకుడులో నీళ్లు పెట్టింది
కుక్క కోసం.
ఒక మిట్టమధ్యాహ్నం తీతువు వచ్చింది.
తాగలేదు.
రొమ్ము ముంచి, లేచి, మళ్లీ ముంచి,
కారుతున్న ఈకలతో నడిచెళ్లి
గుడ్ల మీద కూచుంది.
జ్వరం మనిషి నుదుటి మీద
తడిగుడ్డ వేసినట్టు.
వార్డులో నేను వేసినట్టు.
అప్పట్నుంచి మూకుడు ఎండనివ్వలేదు.

రాత్రిళ్లు కూసేది.
లేచి టార్చి వేస్తే
ఒకసారి కుక్క, ఒకసారి ముంగిస,
ఒకసారి దారి తప్పిన నీళ్లు,
నేను కట్టకుండా వదిలేసిన మడవ.
మా ఇంటి కబురు దానికెందుకు?
దాని ఇంటి ముందుకి ఏదో వచ్చింది, అంతే.
ఆ రాత్రి కూడా అంతేనేమో.
ఆ వచ్చినవాటిలో
నా రాయి ఒకటి.

అత్తకి ఇది చెప్పలేదు.
చెబుదామనుకుంటూనే ఉన్నా.

ఇరవయ్యేడో రోజు మూడు పగిలాయి.
పొద్దున తడిసిన దూదిముక్కలు,
సాయంత్రానికి కాళ్లొచ్చి
తల్లి వెనకే పంటకాలువ వైపు.
ఒక్కటీ వెనక్కి చూడలేదు.
చూడాలని నాకెందుకో!

యార్డులో రేటు పడిపోయింది.
కోతకూలీ పోను, మందుల కొట్టు బాకీ పోను
లెక్క అక్కడితో సరి.
ఆఖరి టిక్కీ ఎత్తుతూ వలీ అడిగాడు,
"ఏమక్కా, నాలుగు రాళ్లు మిగిలాయా?"

కంకరలో పగలని గుడ్డు చూపించి
"ఒకటి" అన్నా.

అలవాటు పోలేదేమో,
ట్రాక్టరు రివర్సులోనే తీసుకుపోయాడు.