వంతు

గుడిలో చాపలు దులిపే వంతు ఈ శనివారం నాది.
కిటికీ ఊచల మీద రిఫైనరీ మసి.
తుడిస్తే రేపటికి మళ్లీ వస్తుంది.
తుడుస్తాను.

మూలన బియ్యం డబ్బా.
ఎసట్లో పోసేముందు ఇంటికో పిడికెడు
పక్కన పెట్టి తెచ్చినవి:
సోనా మసూరీ, రేషను బియ్యం,
ఎవరింటివో రెండు ముక్కుపురుగులు.
ఇందులోంచే ఫిలేమోను ఇంటికి నెలకి ఎనిమిది కిలోలు.
షిప్‌యార్డులో కాంట్రాక్టరు పేరు కొట్టేసి ఐదు నెలలు.
సిగ్గుపడి ఆరాధనకు రావడం మానేశాడు.
చీకటి పడ్డాక దోర్కమ్మే వెళ్లి
సంచీ గుమ్మంలో పెట్టి
తలుపు కొట్టకుండా వచ్చేస్తుంది.

నిరీక్షణ అంటే ఆశ అని మొన్న అయ్యగారు చెప్పారు.
నాకు తెలిసిన నిరీక్షణ
కేజీహెచ్‌లో ఓపీ చీటీ పట్టుకుని నిలబడ్డం,
సింధియాలో వానకి తడుస్తూ బస్సు కోసం చూడ్డం.
"అమ్మా, నువ్వు కూకో, నీ వంతు నాను సూత్తాను"
అని లైన్లో ఎవరో అంటారు చూడండి,
ఆ మాట దగ్గర
రెండు అర్థాలూ ఒకటవుతాయేమో.
అయ్యగారిని అడగలేదు.

ఊడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి
గడప పక్కన అదే సంచీ, ఉతికి మడిచి.
లోపల చిన్న మూట,
ఫిలేమోను భార్య వేసే జారుముడి.
మేమిచ్చిన బియ్యంలోంచి మాకే ఒక పిడికెడు.

లెక్కల పుస్తకంలో రాబడి అని రాయాలో,
తిరిగొచ్చింది అని రాయాలో తెలీలేదు.
రాయలేదు. డబ్బాలో పోశాను,
పాత గింజల్లో కలిసేదాకా చేత్తో కలిపాను.
కిటికీ పక్క, అతను కూచునే చోట
చాప పరిచాను.
వంకరగా పడింది. మళ్లీ పరిచాను.