పదమూడో నెల

మిర్చి యార్డు గేటు ఎదురుగా
గొడుగంత కొట్టు నాది.
ఒక బల్ల, రెండు ఫోన్లు, సిమ్ముల డబ్బా.
ముక్కుకి గుడ్డ కట్టకపోతే
మధ్యాహ్నం దాకా తుమ్ములే బేరం.

యేసోబు వచ్చి
బస్తా దించినట్టు బల్ల మీద చెయ్యి దించుతాడు.
"మొన్నే గదా మస్తాన్‌బీ వేయించుకుంది,
అప్పుడే అయిపోయిందంటుందేంది ఆ పిల్ల?"
ఆ పిల్లంటే ఫోన్లో గొంతు.
ఎంత తిట్టినా మర్యాద తప్పదు.

"నెలంటే ఇరవై ఎనిమిది రోజులే బాబాయ్."
"ఎవరి నెల?"
"కంపెనీ నెల."
కారం ఇంకిన వేళ్ల కణుపులు
ఒక్కొక్కటే తడుముకుంటూ లెక్కేశాడు.
"అంటే మాకు ఏడాదికి పదమూడు నెలలు.
మరి ఆ పదమూడో దానికి కూలెవరిస్తారు?"

నా దగ్గర చిల్లర ఉంది,
అదే ఇచ్చాను.

ఎదుటి వరసలో కమీషన్ కొట్టు
పేరయ్య గారిది పోస్ట్‌పెయిడ్.
ముందు మాట్లాడతారు, తర్వాత కడతారు.
బిల్లొచ్చిన రోజు గుమాస్తా చేత
వరస వరసకీ ఎర్రగీత గీయించి
ఈ డెబ్బై రూపాయలేంటయ్యా అని
గంటసేపు ఫోన్లో దబాయిస్తారు.
కంపెనీ మారదామంటే
పాత బాకీ కాలు పట్టుకుంటుంది.

యేసోబు మూడు కంపెనీలు మారాడు,
నంబరు మాత్రం మార్చలేదు.
దాన్ని ముఠా మేస్త్రీ
షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.
గోడకి సున్నం పడేదాకా
అదే అతని ఉద్యోగం.

పైకి చెప్పకూడదు గానీ
నా సొరుగులో ఒక నోటుపుస్తకం ఉంది.
ఎండలకి యార్డు మూసేస్తే
ముఠా ముఠా అందులోకే దిగుతుంది.
కంపెనీకి నేను ముందు కడతాను,
నాకు వాళ్లు తర్వాత కడతారు.
సంతకం లేదు, షరతుల కాయితం లేదు.
ఆలస్యానికి జరిమానా ఒక టీ,
అదీ సగం సగం.

నిన్న దీపాలు పెట్టే వేళకి
పేరయ్య గారే నడిచొచ్చారు.
అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి,
"బిల్లు గొడవలో లైను ఆపేశారమ్మా.
తేజా రేటు కోసం బేరగాళ్లు చేసుకుంటుంటారు.
ఏదో ఒక రీఛార్జి సిమ్ము ఇయ్యి.
పర్సు కొట్లో మర్చిపోయా,
రాసుకో."

పుస్తకం తీశాను.
యేసోబు పేరు కింద
ఒక్క గీతే ఖాళీగా ఉంది.
పేరయ్య అని రాశాను.
గారు రాయడానికి
చోటు చాల్లేదు.