సర్వర్ భాయ్ షెడ్డు

మా ఆటలో మెకానిక్ పని ఇట్లా ఉండేది:
బండి పక్కన నిలబడి ఒక కీ నొక్కి పట్టుకుంటే
ఎనిమిది సెకన్లలో పచ్చగీత నిండుతుంది.
అంతే. ఇంజన్ కొత్తది. జేబులో డబ్బు.
ఆ కోడు నాదే. రెండేళ్లు గర్వంగానే ఉన్నాను.

ముషీరాబాద్‌లో నా యాక్టివా మొరాయించిన సాయంత్రం
సర్వర్ భాయ్‌కి ఫోన్లో చూపించాను.
మా ఆటను నడిపే యంత్రాన్నీ సర్వరే అంటామని చెబితే
ఆయన నవ్వలేదు.
గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ చూసి
"బోల్టు ఏది?" అన్నాడు.
"ఏ బోల్టు?"
"రానిది."

"తొమ్మిది మంచిగ ఊడొస్తయి బేటా,
పదోది తల అరిగి తిరుగుతనే ఉంటది.
దినమంతా పనంటే ఆ ఒక్కటే."
నా సైలెన్సర్ బోల్టు మీద కిరసనాయిలు చుక్క వేశాడు.
"వదిలెయ్. రేపటికల్లా మనసు మార్చుకుంటది."

స్టూలు మీద కూర్చుని రాసుకున్నాను.
కస్టమర్ అబద్ధమాడాలి: నిన్నటిదాకా మంచిగనే నడిచె అనాలి.
రాణీగంజ్ పంపిన పోరడు
రెండు గంటలకు తప్పు బేరింగుతో రావాలి,
తిట్టించుకోవాలి, మళ్లీ పోవాలి.
వానలో మునిగిన బండి ట్యాంకులో సగం నీళ్లే ఉండాలి.

స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కి ఆనించి
పిడి చెవికి ఆనించి ఆయన కళ్లు మూసుకున్నాడు.
"కళ్లెందుకు భాయ్?"
"తెరిస్తే బండి కనబడతది. వినబడదు."

నెల రాత్రులు పట్టింది.
ఆయన షెడ్డులోనే చప్పుళ్లు పట్టుకొచ్చాను:
ట్యాపెట్ల టకటక, చైను గరగర,
క్లచ్చు ప్లేట్ల ముసలి గొణుగుడు.
మెకానిక్ చెవి ఆనిస్తే తెర నల్లబడేట్టు చేశాను.
తెర పాడైందని వంద ఫిర్యాదులు.
బోల్టు నానడానికి నిజంగానే ఒక రాత్రి ఆగాలంటే
నలభై మంది మెకానిక్‌లలో ముప్ఫైనాలుగు మంది
దొంగలుగా, ట్యాక్సీవాళ్లుగా మారిపోయారు.

మిగిలిన ఆరుగురూ రాత్రి పన్నెండు దాటాక
ఒకే బండి చుట్టూ చేరి, చీకటి తెరలో,
మాట్లాడకుండా వింటారు.

ఒక చప్పుడు మాత్రం నేను కోయలేకపోయాను.
ఐదో రికార్డులో, ట్యాపెట్ల వెనకాల,
సర్వర్ భాయ్ దగ్గు.
ఆ ఆరుగురూ దాని మీద వారం రోజులు వాదించుకున్నారు.
నాగోలు అమ్మాయి జెస్సికా తేల్చేసింది:
ఆ దగ్గొస్తే గాలి దారి మూసుకుపోయినట్టే,
ఫిల్టర్ విప్పి చూడాలి.

భాయ్‌కి చెప్పాను.
టీ గ్లాసు కింద పెట్టి, మొదటిసారి నవ్వాడు,
నవ్వుతూనే దగ్గాడు, చాలాసేపు.
"పోరి సరిగ్గనే పట్టింది" అని
పానా అందుకున్నాడు.
నా బోల్టు ఇంకా రాలేదు.