డబ్బింగ్ చెప్పని మాట

గుణుపురం స్టేషన్లో ఆఖరి బండి ఖాళీ అయ్యాక
ప్లాట్‌ఫారం చివరి బెంచీ మా నలుగురిదీ.
ఫోను ఒకటే, ఢిల్లేశుది.
నీళ్ళ సీసాకి ఆనించి నిలబెట్టాం.
తెర మీద ఒక పగులుంది,
ఏ సినిమా పెట్టినా హీరో మొహం మీదే పడుతుంది.

"ఇక్కడ ఆపు," అన్నాడు ఢిల్లేశు.
ఆపాం.
"ఆ మోచెయ్యి నాదే."

మూడొందల మంది సైనికులు, దుమ్ము,
గుర్రాలు నాలుగే, తక్కినవి కంప్యూటరు కన్నవి.
ఆ మోచెయ్యి ఎవరిదైనా కావచ్చు.
కానీ ఆరొందల కూలీ, ఒక గుడ్డు బిరియానీ,
ఒక్క పూటలో పదకొండుసార్లు చచ్చిన అనుభవం
కచ్చితంగా వాడివే.
"పదకొండోపాలి మా బాగా సచ్చాన్రా,
అదే కోసీసినారు."

కుముదినికి మోచెయ్యి పట్టలేదు.
బ్యాంకులో పని, దేనికైనా లెక్క అడుగుతుంది.
"ఒక్కడి పగ తీరడానికి మూడొందల మందా?
ఈ మూడొందల ఇళ్ళల్లో పగలు పుట్టవా?
న్యాయంగా ఐతే ఒక్కొక్కడికీ ఒక్కో సినిమా బాకీ."
"తీస్తే టిక్కెట్టెవులు కొంతారు తల్లీ,
తెరంతా మోచేతులే ఉంతాయి," అన్నాడు ఢిల్లేశు.

నేను వెనకున్న కొండని చూస్తున్నాను.
మాదే. వంశధార అవతలిది.
సీతాఫలాలకి వెళ్ళే కాలిబాట కూడా తెలుస్తోంది.
దాని నెత్తిన మంచు పోశారు.
కింద అక్షరాలు: ఉత్తర దేశం, వెయ్యేళ్ళ క్రితం.

మా ఊరెప్పుడూ ఇంకో ఊరి వేషమే కడుతుంది.
రాష్ట్రాలు గీసిన రోజునా అంతే,
ఇటు నిలబడమన్నారు, నిలబడ్డాం,
డైలాగులు తర్వాత ఇస్తామన్నారు.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా,
కోపమొస్తే ఏది ముందు దొరికితే అది.

లోకనాథ్ ఇంతసేపూ పల్లెత్తు మాటనలేదు.
వేరుశనక్కాయలు ఒలిచి
మా ముందు కుప్ప పెడుతున్నాడు, తను తినకుండా.
ఆకులు కట్టిన జనం బల్లేలతో దూకేసరికి
చేతులు దులుపుకున్నాడు.

"ఆ ముందున్నది మా పెదనాన్న.
షూటింగని కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.
విప్పించారు.
ఏదో ఒకటి అరవండి, భాష కాకపోతే చాలన్నారట.
భాష కానిదేదీ మా పెదనాన్నకి రాదు.
సవరలోనే అరిచాడు."

సౌండు పెంచాం.
కింద అక్షరాలు వచ్చాయి: ఆటవికుల కేకలు.
"ఏమంటున్నాడు?"
లోకనాథ్ తెలుగులో చెప్పాడు,
తొందర లేకుండా, కోర్టు కాగితం చదివినట్టు:

పొద్దు వాలిపోయింది, అన్నం ఎప్పుడు పెడతారు?
వీడి కాల్లో ముల్లు దిగింది, ఎవరైనా చూడండి.
మా గొడ్డలి మాకిచ్చేయండి, అది ఆటవస్తువు కాదు.

నవ్వాం. పడీ పడీ నవ్వాం.
ముందు కుముదిని ఆగింది, తర్వాత నేను.
ఢిల్లేశు కొంచెం ఆలస్యంగా.

ఐదు భాషల్లో ఆడిన సినిమా.
హీరో ఐదు గొంతుల్తో ప్రేమించాడు,
ఒక్కటీ తనది కాదంటారు.
పెదనాన్నకి మాత్రం ఎవరూ గొంతు అరువివ్వలేదు,
అది మాటని తెలిస్తే కదా.
ఎక్కడెక్కడి ఏసీ హాళ్ళలోనో
పాప్‌కార్న్ నముల్తూ జనం
ఒక ముసలాయన అన్నమడగడం
అతని సొంత గొంతుతోనే విన్నారు.

"గొడ్డలిచ్చారా?" అడిగింది కుముదిని.
"లేదు."
"రెండో భాగంలో ఉంతాది సూడు," అన్నాడు ఢిల్లేశు.
ఈసారి నవ్వు మాలో ఇద్దరికే వచ్చింది,
ఒకడు లోకనాథ్.

ఛార్జింగు నాలుగు శాతం.
ఢిల్లేశు వేలితో వెనక్కి జరిపాడు,
మోచెయ్యి దాకా పోలేదు, కేకల దగ్గరే ఆపాడు.
తలలు నాలుగూ ఫోను మీదికి వంచి
ముల్లు దిగిన కాలెవరిదో వెతికాం.

ఎడం నుంచి మూడో మనిషి
కొంచెం కుంటుతున్నాడు.