ఎడమ కాలికి పని లేదు

ఇరవై రెండేండ్లు క్లచ్ తొక్కిన కాలు
ఇప్పుడు ఊరికే కూచోనుండాది.
ఆటోమేటిక్ జీపు వచ్చిన రోజు
మూడు సార్లు ఖాళీ చోటు తొక్కినాను.
పక్క సీట్లో రేంజరు సారు
నవ్వు కనపడకుండా కిటికీ లోంచి బయటికి చూసినాడు.

పలమనేరు షెడ్డులో దౌలత్ బాషా
గేరు రాడ్డు పక్కనుండే పొట్టి లివరు చూపించినాడు.
"పెద్దది దానంతటదే మార్చుకుంటాదన్నా,
ఈ చిన్నదానికి మాత్రం నువ్వే చెప్పాల.
బండి నిలబెట్టు. న్యూట్రల్‌కు రా. అప్పుడు లాగు.
పచ్చ లైటు మినుకుమంటా ఉంటే కదలొద్దు.
తొందరపడితే పండ్లు కొరుకుతాది."

నేను వినలేదు.
ఏనుగుల నీళ్ళ తొట్టికి సిమెంటు మూటలేసుకోని
గుడిసెబండ ఎక్కుడంతా హై లోనే తోలినా.
ఇంజను అరిచింది, చక్రం తిరగనంటే తిరగనంది,
సగంలో మాడిన ఆయిలు వాసన,
ఎర్ర దీపం.
వెనక నుంచి ట్రాకరు చెంగప్ప
"యాడో సంగటి అడుగంటింది చూడు అబ్బయ్యా" అన్నాడు.

బానెట్ ఎత్తిపెట్టి అరగంట
కలివి పొద కింద కూచున్నాము.
మా తాత కపిల తోలేది గుర్తొచ్చింది.
ఎద్దులు ఉరికితే
తొండంలో నీళ్ళు బావిలోకే తొణికిపోతాయి.
ఆయన వాటిని ఎప్పుడూ అదిలించలేదు,
తాడు మీద కూచోని ఏదో గొణుక్కునేవాడు, అంతే.

ఆగినా. న్యూట్రల్. లాగినా. లైటు నిలబడే దాకా చూసినా.
బండి తన బరువును తానే ఒప్పుకున్నట్టు
కదిలింది.

ఎక్కడం సరే. దిగడం వేరే కత.
పొద్దుగూకే యాలకు వాన పడి
ఎర్రమట్టి వెన్న మాదిరి అయిపోయింది.
బ్రేకు తొక్కితే చక్రం ఆగుతాది, బండి ఆగదు.
ఇది దౌలత్ బాషా చెప్పలేదు,
నా వీపు చెప్పింది.
ఒకటో గేరులో కుదేసి కుడి కాలు కూడా ఎత్తేసినా.
ఇంక రెండు కాళ్ళకూ పని లేదు,
ఇంజనే గొణుక్కుంటా పట్టుకోనుండాది.

చెంగప్ప దిగి టార్చి పట్టుకోని ముందు నడిచినాడు.
వంపు కాడ నిలబడి బీడీ ముట్టించినాడు,
అది సగం కాలినాక
నేను పోయి చేరినా.

టార్చి పక్కకు తిప్పినాడు.
గట్టు మీద నుంచి వంక లోకి
వెడల్పాటి జారుడు గీత, తడి తడిగా.
"ఒంటిది. ఇప్పుడే దిగింది.
వెనక కాళ్ళు ముడుచుకోని,
ముందు కాలు మోపి, నేలను అడిగి,
మళ్ళా ఇంకో కాలు."
మా బండికి రెండింతల బరువు.
గట్టు మీద ఒక్క రాయి కూడా దొర్లలేదు.
కింద ఎక్కడో వెదురు విరిగింది.
చెంగప్ప బీడీ ఆర్పేసినాడు.

తారు రోడ్డు ఎక్కినాక కూడా
జీపు గొణుగుతానే ఉండాది, ఇరవై దాటనంటా.
వెనక టమాటా లారీ హారను మీద హారను.
పక్కకాపి న్యూట్రల్‌కు వచ్చి లివరు తోసినా,
రాలేదు. బిగుసుకోనుండాది.
ఎడమ కాలు మళ్ళీ
లేని క్లచ్ కోసం తడుముకుంది.

"రవ్వంత వెనక్కి పోనీ" అన్నాడు చెంగప్ప,
సగం నిద్దర్లో.

రివర్సులో ఒక అడుగు.
టక్కుమని వదిలేసింది.