లోపలికి వంగిన చువ్వ

ఏడో నంబరు, ఆఖరి ట్రిప్పు.
వంతెన దగ్గర దిగాడు ఎవరిస్తో,
గొడుగులు బాగుచేసే ఎవరిస్తో కార్కామో.
ఎప్పటిలాగే "రోడ్డు తడిగా ఉంది, జాగ్రత్త" అన్నాడు.
వెనకే ముగ్గురు కుర్రాళ్లు దిగారు.
వాళ్ల స్టాపు అది కాదు.

అద్దంలో చూశాను.
చూసి, గేరు మార్చాను.

పుయెర్తో అలెర్సెలో ఏడాదికి తొమ్మిది నెలలు వాన.
నదిలో తేలినవాడి గురించి
పోలీసులు రాసింది ఒక్క ముక్క: కాలు జారింది.
ఆ రోజుల్లో చట్టం అతన్నే నేరస్థుడంది,
ఇంక చంపినవాళ్లని ఏమంటుంది?
చేపల ఫ్యాక్టరీలో నవ్వుకున్నారు.
చర్చి గంట మోగలేదు.

అక్క దోమితిలా మాత్రం
ఠాణా బల్ల మీద అతని గొడుగు పెట్టింది.
"గాలికి విరిగిన చువ్వ బయటికి తిరుగుతుంది,
బూటు కింద విరిగింది లోపలికి.
వాడే నేర్పాడు నాకు."
రాసుకునేవాడు కలానికి మూత పెట్టేశాడు.

మొదటి గురువారం రాత్రి స్టాపులో నలుగురు:
దోమితిలా,
ఒకే గదిలో ఉంటారని ఊరంతా
తెలిసీ తెలీనట్టుండే ఇద్దరు నర్సులు,
పేరు చెప్పని ఓ నావికుడు.
తలుపు తెరిచాను. ఎవరూ ఎక్కలేదు.
బస్సు కోసం కాదు, అన్నారు.

మరుసటి వారం పదకొండు మంది.
ఆపైన లెక్క తప్పింది.
ఒక రాత్రి ఎవరో చేప పేగులు విసిరారు.
పెద్ద నర్సు గొడుగు వంచి, దులిపి,
మళ్లీ పైకెత్తింది.
మా ఊళ్లో తిట్టుగా తప్ప వినపడని మాటని
అట్టముక్క మీద రాసి పట్టుకున్నారు.
వానకి సిరా కారింది.
మళ్లీ రాశారు.

అప్పుడు చూశాను ఆ గొడుగుల్ని.
నల్లబట్టకి ఎర్రదారం, పసుపుదారం,
చేతికేది అందితే దాంతో కుట్టేవాడు.
నవ్వినవాళ్ల పిల్లలు కూడా
ఆ కుట్ల కిందే కదా బడికెళ్లేది!

ఇరవై రెండేళ్లుగా
అద్దంలో వెనక్కి చూడటమే నా ఉద్యోగం.
నాలుగో సీటు, కిటికీ పక్క.
అది సరిగ్గా పడేలా
అద్దాన్ని వంచుకున్నది నేనే.
ఎవరికీ చెప్పలేదు.
అతనికీ.

ఆరో గురువారం ఇంజను ఆపాను.
లోపల పాసింజర్లు గొణిగారు.
దిగి, దోమితిలా ముందు నిలబడి
"ముగ్గురు" అన్నాను.
"వాళ్ల స్టాపు కాదది."

ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు.
గొడుగు కొంచెం ఇటు జరిపింది.

నా ఎడమ భుజం
తడుస్తూనే ఉంది.